తుండుగుడ్డ కింద బేరం

నా నడుము ఎట్లా పట్టుకుందని అడిగిన ప్రతివారికీ ఒకే మాట చెప్పాను: బావిలో నీళ్ళు తోడుతుంటే కలుక్కుమంది. మా ఆవిడ ఆ మాటను ఇంకాస్త పెంచి, "ఇంటికోసం అంత కష్టపడతారమ్మా మా ఆయన" అని వీధంతా చాటింది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన మరుసటేడు అది. తిరుపతిలో ఒక ధర్మాసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద నన్ను పడుకోబెట్టారు. రెండు కాళ్ళకూ పట్టీలు బిగించి, వాటికి తాళ్ళు కట్టి, తాళ్ళ చివర ఇసుక సంచులు మంచం అవతలికి వేలాడదీశారు. ఎండబెట్టిన గుమ్మడి వడియంలా కదలకుండా పడి ఉండడమే నా పని. కదలలేని మనిషికి చెవులు పెరుగుతాయంటారు. అది నిజమేనని అక్కడే తెలిసింది.

మూడో పూట ఒకావిడ వచ్చింది. నలభై లోపు వయసు, నూలు చీర, దాని మీద తెల్లకోటు. చంకలో చిన్న ముక్కాలిపీట. ఆ పీటను నా మంచం పక్కన వేసుకుని కూర్చుంది. అప్పటిదాకా నా దగ్గరికి వచ్చిన వాళ్ళంతా నిలబడి మాట్లాడినవాళ్ళే. వాళ్ళ ముక్కుపుటాలు చూస్తూ జవాబులు చెప్పేవాణ్ణి. ఈవిడ ముఖం మాత్రం నా ముఖం కన్నా కొంచెం కిందుగానే ఉంది.

"నా పేరు చంద్రకాంతమ్మ. మీ చేత కసరత్తు చేయించేది నేనే. అయ్యవారూ, ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచీ ఏమేం జరిగిందో చెప్పండి. తొందరేం లేదు."

బావి కథ ఎత్తుకున్నాను. చేద, చాంతాడు, తడిసిన గట్టు, అన్నీ చక్కగా అమర్చి చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి గదా, కథనంలో లోటుండదు. ఆవిడ విన్నది. నేను ముగించాక కూడా వింటూనే ఉంది. నా వైపే చూస్తూ, ఇంకా ఏదో వస్తుందన్నట్టు, మర్యాదగా కూర్చుంది.

నా నుదుటి మీద చెమట పట్టింది. ఆఖరికి, "బావి కాదమ్మా, బస్సు" అన్నాను.

చిత్తూరు బస్టాండులో పాకాల బస్సు. కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు పట్టుకున్నాను. నేను తలుపు దగ్గరికి చేరేలోగా ఎవడో దాన్ని పక్కకి నెట్టి కూర్చున్నాడు. రోషం వచ్చింది. నలభై ఆరేళ్ళ పొట్టతో కిటికీలోంచి లోపలికి దూరబోయాను. సగం వెళ్ళాను. మిగతా సగం చిత్తూరు బస్టాండుకే వదిలేశాను. వెనక నుంచి నా శిష్యుడొకడు, "రేయ్, మన అయ్యోరురా! పట్టండి, తొయ్యండి!" అని కేక పెట్టాడు. వాళ్ళు గురుభక్తితో తోశారు. అప్పుడు కలుక్కుమంది.

చంద్రకాంతమ్మ నవ్వలేదు. "తోసినప్పుడు నడుము ఏ పక్కకి తిరిగి ఉండింది?" అని అడిగింది. ఎడమపక్కకి అన్నాను. "బరువెత్తిన నడుముకి ఒక కసరత్తు, మెలి తిరిగిన నడుముకి ఇంకొకటి. చెప్పారు, మంచిదయింది" అని లేచి, పీట చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. తిరిగాక ఆవిడ భుజాలు కదలడం చూశాను. నవ్వు తలుపు దాకా ఆపుకోగలిగిందిలెండి. మర్నాడు మా ఆవిడ వచ్చినప్పుడు, "అయ్యవారిని కొన్నాళ్ళు నీళ్ళు తోడనివ్వకండమ్మా" అని మాత్రం చెప్పి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆవిడది పుత్తూరు. తండ్రి వరదయ్యకు బజారులో గుడ్డల అంగడి ఉండేది. పుత్తూరంటే తెలియనిదెవరికి? ఎముక విరిగిన ప్రతివాడూ కట్టు కట్టించుకోవడానికి అక్కడికే పోతాడు. కట్టుతో తిరిగి వచ్చేవాళ్ళు బస్సు వచ్చేదాకా వరదయ్య అంగడి అరుగు మీద కూర్చునేవాళ్ళు. చెట్టు మీంచి పడినవాడు, ఎద్దు తోసినవాడు, మెట్టు తప్పినవాడు. చిన్నప్పుడు ఆ కథలన్నీ విన్నదట. ఎట్లా పడ్డావని అందరూ అడిగేవాళ్ళే. కట్టు విప్పాక ఎముక అతికి, మోచెయ్యి మాత్రం వంగక మళ్ళీ అదే అరుగు మీద కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు నువ్వు ఏం చెయ్యలేకపోతున్నావని అడిగినవాళ్ళు లేరు. ఆ వంగని మోచేతులే తనను రాయవేలూరు పంపించి చదివించాయని ఆవిడే ఒకసారి నాతో అన్నది.

చదువు వేలూరులో వచ్చింది గానీ, అడిగే విద్య మాత్రం అంగట్లోనే వచ్చిందట. "మా నాయన గిరాకీని ఏం కావాలని అడిగేవాడు కాదు అయ్యవారూ. అడిగితే, ఊరికే చూసిపోదామని వచ్చినామంటారు. కూర్చోమ్మా, ఏ బస్సుకొచ్చినారు, ఎవరింట్లో పెండ్లి అనేవాడు. అంతలోనే వాళ్ళే చెప్పేసేవాళ్ళు." ఉద్యోగంలో చేరిన కొత్తలో అది మరిచిపోయి, చదువుకున్న వరుసలో, నొప్పి ఉందా, ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి అని అడిగేదట. మనవాళ్ళు అన్నిటికీ తల ఊపేవాళ్ళు. నొప్పి ఉందంటే కోప్పడతారేమోనని ఒకరు, లేదంటే పంపించేస్తారేమోనని ఇంకొకరు. ఆకాశంలోకి రాకెట్టు ఎట్లా పోయిందో టీ కొట్టు దగ్గర గంటసేపు చెప్పగలిగినవాడు, తన మోకాలి గురించి అడిగితే, "అంతా మీ దయమ్మా" అంటాడు.

ఇంకొక చిక్కుంది. మన దగ్గర రోగి మాట్లాడడు, రోగి వెంట వచ్చినవాళ్ళు మాట్లాడతారు. కడుపులో ఎట్లుందని పెండ్లాన్ని అడిగితే మొగుడు చెప్తాడు, మొగుణ్ణి అడిగితే బామ్మర్ది చెప్తాడు. దానికి చంద్రకాంతమ్మ ఒక మందు కనిపెట్టింది. అది చూసే భాగ్యం నా పక్క మంచం వల్ల కలిగింది.

ఆ మంచం మీద దేవరాజులు అనే పెద్దాయన ఉండేవాడు. వెడల్పాటి ఛాతీ, పెద్ద మీసాలు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాటా పోయింది. భార్య చెంగమ్మ పగలంతా పక్కనే కూర్చునేది. ఆమె తమ్ముడు గంగాధరం పూటపూటకీ వచ్చి వెళ్ళేవాడు. భారీ మనిషి, గట్టి గొంతు, బావ అంటే ప్రాణం. ఆయన వస్తే వార్డులో నాలుగు మంచాల అవతలికి కూడా తెలిసిపోయేది.

దేవరాజులును అందరూ మొండివాడని తేల్చేశారు. కాలు కదిలించబోతే ఎడమచేత్తో తోసేస్తాడు. కూర్చోబెట్టబోతే గొంతులోంచి ఒక అరుపు. అన్నిటికన్నా వింత ఆ ఎడమచెయ్యి. దగ్గరికి ఎవరు వచ్చినా వాళ్ళ భుజం మీది గుడ్డ లాగేస్తాడు. గంగాధరం తుండుగుడ్డ, పలకరించ వచ్చిన బంధువుల ఉత్తరీయాలు, ఊడ్చేవాడి చేతిలోని తుడుపుగుడ్డ కూడా. లాగి, ఒళ్ళో వేసుకుని, ఎదుటివాడి చెయ్యి పట్టుకోబోతాడు.

గంగాధరం ప్రతిసారీ గుడ్డ విడిపించుకునేవాడు. "ఎడంచేత్తో పట్టకు బావా, అశుభం. ఇయ్యి." చెంగమ్మ ఆ చేతిని దుప్పటి కింద దాచేసి, "మతి సలించిండాదయ్యా" అని నాతో చెప్పి కళ్ళు ఒత్తుకునేది.

శుక్రవారం నాడు పెద్ద డాక్టరు వచ్చి, వాళ్ళతో మెల్లగానే చెప్పాడు. "సోమవారం దాకా చూద్దాం. అసలు ఒళ్ళు ముట్టనివ్వకపోతే ఇక్కడ మేము చేసేదేమీ లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. లేచి నిలబడే వేళ దాటిపోతే ఇక మంచమే." చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవరాజులు డాక్టరు వైపే చూస్తున్నాడు. ఆ మాటలు ఆయనకు అర్థమయ్యాయని నాకు అనిపించింది. ఆ తర్వాత ఆయన గోడవైపు తల తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున చంద్రకాంతమ్మ పీట ఆయన మంచం పక్కన పడింది.

"పెద్దాయనా, పొద్దున ఎట్లా ఉంది?"

"బాగుండాడమ్మా!" అన్నాడు గంగాధరం. "రాత్రి జావ తాగినాడు. కాలు మాత్రం..."

"ఈ కాలు బరువుగా ఉందా పెద్దాయనా?"

"బరువే గదమ్మా! నేనెత్తి సూస్తావుండా గదా రోజూ. రాయి మాదిరి ఉండాది."

చంద్రకాంతమ్మ గంగాధరం ముఖంలోకి శ్రద్ధగా చూసింది. "మీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"నాకా? యాడిదమ్మా..."

ఆవిడ నర్సు దగ్గర థర్మామీటరు తెప్పించి, విదిలించి, ఆయన నోట్లో పెట్టింది. "నాలుక కిందే ఉండాలి. నేను తీసేదాకా పెదవులు విప్పకండి. గాజు, పగులుతుంది."

ఏనుగంత మనిషి బుద్ధిమంతుడైన పిల్లవాడిలా గోడకానుకుని నిలబడ్డాడు. వార్డు ఒక్కసారిగా ఎంత ప్రశాంతమైందంటే, నా ఇసుక సంచులు ఊగే కిర్రు నాకే వినిపించింది.

ఇప్పుడు ఆవిడ చెంగమ్మ వైపు తిరిగింది. నొప్పి గురించి, ఉప్పు గురించి, రక్తపోటు గురించి అడగలేదు. "అమ్మా, ఈయన మంచాన పడకముందు, ఒక మంచి రోజు ఎట్లా గడిచేదో చెప్పు."

చెంగమ్మకు ఆ ప్రశ్న కొత్త. కొంగు సర్దుకుంది. "ఏముండాదమ్మా... కోడి కూసే పొద్దుకి లేస్తాడు. సద్ది తాగుతాడు. మీసం దువ్వుకోని, భుజాన గుడ్డేసుకోని సంతకి పోతాడు."

"ఏ సంతకి?"

"ఎద్దుల సంతకి."

"ఎద్దులు కొనడానికా?"

గంగాధరం థర్మామీటరు వెనక నుంచి గట్టిగా దగ్గబోయి, ఆపుకున్నాడు. చెంగమ్మ తమ్ముడి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మాకుండేది రొంత సేద్యమే మా. ఈడ సేర్చినప్పుడు ఏం పని అని అడిగితే, దళారి అంటే మర్యాదగా సూడరని, మావోడు వ్యవసాయం అని సెప్పినాడు. ఎద్దుల బేరాలు కుదిరిస్తాడమ్మా ఈయన. ఈయన గుడ్డ కింద సెయ్యి పెడితే బేరం తెగినట్టే అని పేరు."

సంతలో ధర పైకి పలకరు. దళారి తుండుగుడ్డ తీసి కప్పుతాడు. దాని కింద ఇతని చెయ్యి అతని చెయ్యి పట్టుకుంటుంది. ఒక వేలు పడితే ఒక లెక్క, గుప్పెడు పడితే ఇంకో లెక్క. చుట్టూ ఎంతమంది నిలబడినా, ఆ గుడ్డ కింద ఏం మాట్లాడుకున్నారో ఆ రెండు చేతులకు తప్ప ఎవరికీ తెలియదు.

చంద్రకాంతమ్మ పీట మీద ముందుకు వంగింది. గోడవైపు తిరిగి ఉన్న దేవరాజులును చూసింది. దుప్పటి కింద దాచిన ఎడమచేతిని చూసింది. లేచి, గంగాధరం భుజం మీది తుండుగుడ్డ అడగకుండానే తీసుకుంది. మళ్ళీ పీట మీద కూర్చుంది. దుప్పటి తొలగించి, ఆ ఎడమచేతి పక్కన తన చెయ్యి పెట్టి, రెండింటి మీదా గుడ్డ కప్పింది.

"పెద్దాయనా, నాతో బేరమాడతావా?"

దేవరాజులు తల ఇటు తిరిగింది. ఆ ముఖాన్ని నేనెట్లా వర్ణించేది? పండిత పరీక్ష ప్యాసైనా నాకు మాట దొరకలేదు. తెలియని దేశంలో తప్పిపోయిన మనిషికి ఎవరో తన ఊరి మాటలో పలకరిస్తే ఎట్లా ఉంటుందో, అట్లా.

"నాకు సంత లెక్క రాదు. మనిద్దరం ఒకటి పెట్టుకుందాం. నొప్పి లేకపోతే ఊరికే ఉండు. రవంత ఉంటే ఒక వేలు పట్టు. పెరిగే కొద్దీ వేళ్ళు పెంచు. ఓర్చుకోలేనిదయితే గుప్పెడు పట్టు. సరేనా?"

గుడ్డ కింద ఏదో కదిలింది. ఆవిడ నవ్వింది. "సరే అంటున్నాడు."

ఇంకో చేత్తో మెల్లగా ఆయన పాదం తాకింది. గుడ్డ కదలలేదు. మోకాలు. రవంత కదలిక. "ఒకటి" అన్నదావిడ, పైకి. నడుము దగ్గర ఏమీ లేదు. కుడిభుజం మీద చెయ్యి వేసేసరికి గుడ్డ ముడుచుకుపోయింది.

"గుప్పెడు" అన్నది.

ఆ చెయ్యి పడిపోయింది, దానికి స్పర్శే లేదని కదా మేమంతా అనుకుంటున్నది! ఆవిడ ఆ మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు కొంచెం ఎత్తింది. "ఇప్పుడు?" గుడ్డ సడలింది. "తగ్గింది. నేనెత్తితే తగ్గుతోంది. మరి గుప్పెడు ఎప్పుడు పెద్దాయనా?"

ఎప్పుడన్నది వేళ్ళతో చెప్పేది కాదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జావ చెంబు వచ్చింది. జావ వచ్చిందంటే బావను లేపి కూర్చోబెట్టాలి. అది గంగాధరం పని. అలవాటు ప్రకారం నోట్లో థర్మామీటరుతోనే ముందుకు వచ్చి, దేవరాజులు కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. ఇంకా లాగలేదు. పట్టుకున్నాడంతే. గుడ్డ కింద పుటుక్కుమని చప్పుడైంది. దేవరాజులు పట్టు బిగిసి, చంద్రకాంతమ్మ చేతి గాజు పగిలింది.

"ఆగండి."

ఆవిడ గట్టిగా అనలేదు. గంగాధరం ఆగిపోయాడు.

"మీరు ఈయనను రోజూ ఇట్లాగే లేపుతున్నారా?"

ఆయన తల ఊపాడు. రోజూ ఆయనే. పలకరించ వచ్చిన బంధువులంతా కూడా అంతే. పెద్దమనిషి మంచం మీద పడుకుని ఉంటే చూడలేక, "లెయ్యి మామా, లెయ్యి బావా" అని ఆ చేతిని పట్టి లేపి కూర్చోబెట్టడమే మన ప్రేమ. బలం లేని భుజం ఆ ప్రేమను మొయ్యలేక కీలు దగ్గర జారుతోంది. అరిస్తే మొండివాడన్నాం. తోస్తే మతి తప్పిందన్నాం. ఆయనకు మిగిలిన ఒక్క భాషలో చెప్పబోతే, ఎడమచెయ్యి అశుభమని దుప్పటి కింద దాచాం.

గంగాధరం మణికట్టు వదిలేసి, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచాడు. నోట్లో థర్మామీటరు. పెదవులు విప్పకూడదు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి, మీసాల్లోంచి ఆ గాజుగొట్టం మీదుగా చుక్కలు పడుతున్నాయి. అట్లా ఏడ్చిన మనిషిని ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నవ్వు రావలసిన దృశ్యమే. వార్డులో ఒక్కరూ నవ్వలేదు.

చంద్రకాంతమ్మే లేచి థర్మామీటరు తీసింది. "జ్వరం లేదు" అన్నది. "మీ తప్పేం లేదు. ఎవరూ మీకు చెప్పలేదు. ఇటు రండి, మీ బావను ఎట్లా లేపాలో చూపిస్తాను. మీ అంత బలమున్నవాళ్ళే నాకు కావాలి."

"నన్ను ముట్టనిస్తాడామ్మా ఇంక?"

"అడగండి ఆయన్నే."

గంగాధరం మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, తన చెయ్యి గుడ్డ కింద పెట్టాడు. "బావా." ఆ గొంతు అంత చిన్నగా పలుకుతుందని మాకెవరికీ తెలియదు. కొంతసేపటికి ఆయన తల వంచి, ఆ గుడ్డ మీద నుదురు ఆనించాడు. ఏం జవాబొచ్చిందో చెప్పలేదు. మేమూ అడగలేదు.

చెంగమ్మ మాత్రం నా వైపు తిరిగి గుసగుసగా అన్నది. "ఇంతకాలం కాపురం సేసినా అయ్యోరే, ఆ గుడ్డ కింద ఏం మాట్లాడతాడో నాకే తెలీదు. ఆడమనిషి సెయ్యి దాని కింద పడింది ఇదే మొదలు."

ఆ రోజూ, ఆదివారమూ చంద్రకాంతమ్మ పీట అక్కడే ఉంది. వీపు వెనక, భుజపుటెముక కింద అరచెయ్యి పెట్టి పక్కకు దొర్లించి లేపడం గంగాధరం నేర్చుకున్నాడు. పలకరించ వచ్చిన బంధువు ఎవరైనా కుడిచెయ్యి పట్టబోతే పులిలా లేచేవాడు. "ఏయ్ మునిరామయ్యా! సెయ్యి తియ్యప్పా! ఆడ పట్టుకో, ఎనకమాల!" దేవరాజులు అరవడం మానేశాడు. కాలు కదిలించనిచ్చాడు. ఏది చెయ్యబోయినా ముందు గుడ్డ కప్పి అడగాలి. అడిగితే చాలు.

సోమవారం పొద్దున పెద్ద డాక్టరు వచ్చే వేళకు ఆయన మంచం అంచున కాళ్ళు కిందికి వేసి కూర్చుని ఉన్నాడు. మీసం దువ్వి ఉంది. ఎదురుగా చంద్రకాంతమ్మ. ఇద్దరి చేతుల మీదా గుడ్డ.

"పెద్దాయనా, ఇవాళ నడవాలి. ఎన్ని అడుగులు?"

గుడ్డ కదిలింది. ఆవిడ కనుబొమలు ఎగరేసింది. "అంతేనా? ఇంత మీసానికి అంతేనా? నేనొప్పుకోను." ఆవిడ చెయ్యి కదిలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. సంతలో నమ్మలేని ధర విన్న దళారి ముఖం పెట్టాడు. మళ్ళీ ఆవిడ. మళ్ళీ ఆయన. డాక్టరు వచ్చి నిలబడ్డాడు. ఏమిటిదని అడగబోయి, ఎందుకో అడగకుండా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నర్సులు ఆగారు. ఊడ్చేవాడు తన తుడుపుగుడ్డ భుజాన వేసుకుని ఆగాడు. నేను కాళ్ళ తాళ్ళు సాగేదాకా మెడ ఎత్తాను. నా నడుము ఆ రోజు ఏమైపోయినా ఫరవాలేదనిపించింది.

ఒక్కసారి గుడ్డ బిగిసింది. దేవరాజులు మీసం కింద, సగం ముఖం మాత్రమే నవ్వింది. బేరం తెగింది.

ఒక పక్క గంగాధరం, వీపు వెనక అరచేత్తో. ఇంకో పక్క చంద్రకాంతమ్మ. ఆయన లేచాడు. అంత పొడుగు మనిషని అప్పటిదాకా మాకు తెలియదు. ఒక అడుగు పడింది. కుడికాలు ఈడ్చుకుంటూ ఇంకొకటి పడింది. చెంగమ్మ లెక్కపెట్టడం మరిచిపోయి రెండు చేతులూ జోడించింది. కిటికీ దాకా కాదు గానీ, నా మంచం కోడు దాటాడు. అక్కడ ఆగి, ఆవిడ వైపు చూసి, తల ఊపాడు. బేరమాడినంతా చెల్లించేశాను, ఇంక ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యను అన్నట్టు.

"ఈయన మంచం ఇక్కడే ఉండనివ్వండి" అని డాక్టరు నర్సుతో చెప్పి, ముందుకు వెళ్ళిపోయాడు.

దేవరాజులును కూర్చోబెట్టాక, గంగాధరం చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి వంగాడు.

"అయ్యోరే, మీరు పక్కనే ఉండారు గదా. ఎంతకి తెగింది?"

"ఏమప్పా, సంతకి పోయినోడివే గదా" అన్నాను. "గుడ్డ కింద మాట పక్కవాడికి తెలుస్తుందా?"

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, మీసం తడుముకున్నాడు. తర్వాత తన తుండుగుడ్డ మడిచి, జాగ్రత్తగా బావ ఎడమచేతికి అందేచోట పెట్టాడు.